డాక్‌బుక్‌లో కోడ్ లిస్టింగులు, ఇండెక్స్: ఏళ్ల వాడకం తరువాత నా సమీక్ష

సాంకేతిక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు తక్కువ. ఎక్కువమంది నేరుగా వెనక ఉన్న ఇండెక్స్ తెరుస్తారు, కావలసిన ఫంక్షన్ పేరు వెతుక్కుంటారు, ఆ పేజీలోని కోడ్ చూసి పుస్తకం మూసేస్తారు. అందుకే డాక్యుమెంటేషన్ రాసే ఏ పద్ధతినైనా నేను రెండు ప్రశ్నలతో తూస్తాను. కోడ్‌ను చెక్కుచెదరకుండా పేజీ మీదికి తెస్తుందా? ఆ కోడ్‌లో అసలు పని జరిగే చోటికి ఇండెక్స్ నుంచి పాఠకుణ్ణి తీసుకువెళ్తుందా? డాక్‌బుక్ అంటే పుస్తకంలోని ప్రతి భాగం ఏమిటో ట్యాగులతో గుర్తుపెట్టి రాసే పద్ధతి. దాన్ని చాలా ఏళ్లుగా మాన్యువళ్లకూ పెద్ద పుస్తకాలకూ వాడుతున్నాను. మొదటి ప్రశ్నకు దాని జవాబు బాగుంది. రెండోదానికి నేను చూసిన పద్ధతులన్నిటికంటే మంచి జవాబు దాని దగ్గరే ఉంది, కాని దాన్ని రాబట్టుకోవడానికి మనం శ్రమపడాలి.

1991లో ఎస్‌జీఎంఎల్ అనే పాత ట్యాగుల భాష రూపంలో మొదలైనప్పటి నుంచీ ఇది కంప్యూటర్ మాన్యువళ్ల కోసమే పెరిగింది. తరువాత దాని సరళ రూపమైన ఎక్స్‌ఎంఎల్‌కు మారింది, 2009లో 5.0 వెర్షన్ ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. ఆ పుట్టుక దీని ట్యాగుల్లో కనిపిస్తుంది. ప్రోగ్రామ్ పాఠానికి ప్రోగ్రామ్‌లిస్టింగ్, టెర్మినల్ తెర మీద కనిపించేదానికి స్క్రీన్, వాక్యం మధ్యలో వచ్చే పేర్లకు ఫంక్షన్, క్లాస్‌నేమ్, ఆప్షన్, ఫైల్‌నేమ్, ఎన్‌వార్ అంటూ వేర్వేరు ఎలిమెంట్లు (ట్యాగులతో గుర్తించే భాగాలు) ఉన్నాయి. కొత్తవారికి ఇది అతిగా తోస్తుంది. అన్నీ ఒకే వెడల్పు అక్షరాల్లో అచ్చవుతుంటే ఇన్ని ఎందుకని అడుగుతారు. ఇండెక్స్ పనికి కూర్చున్నప్పుడు ఎందుకో తెలుస్తుంది. పుస్తకంలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లన్నిటినీ ఎక్స్‌ఎంఎల్‌లో వెతికే ఎక్స్‌పాత్ భాషలో ఒక్క ప్రశ్నతో బయటికి లాగవచ్చు, ఏది ఇండెక్స్‌లో లేదో నిమిషంలో చూసుకోవచ్చు.

ప్రోగ్రామ్‌లిస్టింగ్‌లో ప్రతి ఖాళీకీ, ప్రతి వరుస విరుపుకూ విలువ ఉంటుంది. ప్రారంభ ట్యాగ్ రాసి ఎంటర్ నొక్కి కింది వరుసలో కోడ్ మొదలుపెడితే, నేను వాడే స్టైల్‌షీట్లలో (ట్యాగులను పేజీ రూపంలోకి మార్చే ఫైళ్లలో) కోడ్ పైన ఒక ఖాళీ వరుస పడుతుంది. హెచ్‌టీఎంఎల్‌లోని ప్రీ ట్యాగ్‌కు బ్రౌజర్ ఆ మొదటి విరుపును వదిలేస్తుంది, ఎక్స్‌ఎంఎల్ వదలదు. కోడ్‌ను ట్యాగ్‌కు ఆనించి రాయడం అలవాటు చేసుకోవాలి. ఎడిటర్ తనంతట తాను ఎక్స్‌ఎంఎల్‌ను సర్దే సదుపాయాన్ని ఈ ఎలిమెంట్ జోలికి రాకుండా ఆపుకోవాలి. పైథాన్ కోడ్ ఉన్న పుస్తకంలో ఇది మరీ ముఖ్యం, అక్కడ ఇండెంటేషన్ మారితే ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది.

యాంపర్‌శాండ్ (&), ఎడమవైపు కోణపు గుర్తు (<) కోడ్‌లో అడుగడుగునా వస్తాయి, ఎక్స్‌ఎంఎల్ వాటిని తన గుర్తులుగా చదువుతుంది. వాటి బాధ తప్పించుకోవడానికి చాలామంది కోడ్ మొత్తాన్ని, లోపలిదంతా మామూలు అక్షరాలుగానే చదవమని చెప్పే సీడేటా విభాగంలో చుట్టేస్తారు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. కాని సీడేటా లోపల ఏ ట్యాగూ పనిచేయదు. ఇండెక్స్ నమోదును రాసే ఇండెక్స్‌టర్మ్ పెట్టలేము, వరుసకు వివరణ అంకె ఇచ్చే కో ఎలిమెంట్ పెట్టలేము. ఒక్క వరుసకు గుర్తు కావలసివచ్చినా సీడేటాను అక్కడ మూసి, గుర్తు పెట్టి, మళ్లీ తెరవాలి. గుర్తులు ఉండబోయే లిస్టింగులకు సీడేటా వాడవద్దనే చెబుతాను. ఆ రెండు అక్షరాలను ఎస్కేప్ చేసే (వాటి బదులు సంకేతాలు రాసే) పని ఎడిటర్ చూసుకుంటుంది.

ఇండెక్స్‌టర్మ్‌ను నేరుగా కోడ్ లోపల, కావలసిన వరుసలోనే పెట్టనివ్వడం దీని అసలు బలం. ఆ చోట పేజీ మీద ఏమీ కనిపించదు, ఇండెక్స్‌లో మాత్రం పేజీ సంఖ్య వస్తుంది. కాకపోతే దాన్ని విడి వరుసలో రాస్తే ఆ వరుస విరుపు కోడ్‌లో ఖాళీగా మిగులుతుంది. కోడ్ వరుస చివర దానికి ఆనించి రాయాలి. వరుస మరీ పొడవైతే విరుపును ఇండెక్స్‌టర్మ్ ప్రారంభ, ముగింపు ట్యాగుల మధ్యకు తీసుకుపోతే సరిపోతుంది. లోపలి ఖాళీ అచ్చులోకి రాదు.

ఏమి రాయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మెమరీని విడుదల చేసే వరుసకు ఆ ఫంక్షన్ పేరుతో ఒక నమోదు చాలదు. పేరు తెలిసినవారు పేరుతో వెతుకుతారు, తెలియనివారు మెమరీ అనే మాట కింద విడుదల అనే ఉపపదం కోసం చూస్తారు. పుస్తకం అవసరం ఎక్కువగా ఉన్నది ఈ రెండోవారికే. కాబట్టి ప్రైమరీ (ప్రధాన పదం), సెకండరీ (ఉపపదం) ట్యాగులతో రెండో నమోదు తప్పక ఇస్తాను. ఫంక్షన్ అని గుర్తుపెట్టిన ప్రతిచోటా ఇండెక్స్‌టర్మ్ చేర్చేలా, ఎక్స్‌ఎంఎల్‌ను మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలో ప్రోగ్రామ్ రాయడం తేలికే, ఫలితమే పనికిరాదు. తరచు వాడే ఫంక్షన్ పేరు ఎదురుగా పేజీ సంఖ్యలు బారులు తీరతాయి, దేనిలో అసలు వివరణ ఉందో పాఠకుడికి తెలియదు. ఆ జాబితాను మరచిపోయినవి గుర్తు చేసుకోవడానికి మాత్రమే వాడుతున్నాను.

ఇక ఈ పద్ధతిలో నన్ను ఎక్కువగా వేధించిన సంగతి. పుస్తకంలో అచ్చయ్యే కోడ్ నిజంగా పరుగెత్తి పరీక్ష దాటిన కోడ్ కావాలి. అందుకు కోడ్ బయటి ఫైలులో ఉండాలి, ఫైళ్లను కలిపే ఎక్స్‌ఇంక్లూడ్‌తో పాఠ్యంగా లోపలికి రావాలి. పాఠ్యంగా వచ్చినదానిలో ట్యాగులు ఉండవు కాబట్టి ఇండెక్స్‌టర్మ్ కూడా ఉండదు. కోడ్‌ను పుస్తకంలోనే రాసుకుంటే ఇండెక్స్ దొరుకుతుంది, కాని ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చేసరికి పుస్తకంలోని కోడ్ పాతబడిపోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే డాక్‌బుక్ రెండు దారులు చూపుతుంది. ఇండెక్స్‌టర్మ్‌ను బయట ఉంచి జోన్ యాట్రిబ్యూట్‌తో (ట్యాగులో రాసే అదనపు విలువతో) లిస్టింగ్ ఐడీకి ముడిపెట్టడం ఒకటి. అది లిస్టింగ్ మొత్తానికి వర్తిస్తుంది, వరుసకు కాదు. లిస్టింగ్ రెండు పేజీలకు పారితే పాఠకుడు మొదటి పేజీలోనే దిగుతాడు. రెండోది వివరణ అంకెల కోసం ఏరియాస్పెక్ అనే ఎలిమెంట్‌లో వరుస సంఖ్య, నిలువు స్థానం రాయడం. కోడ్‌లో పైన ఒక్క వరుస చేరితే అంకెలన్నీ పక్క వరుసలకు జరిగిపోతాయి, ఏ హెచ్చరికా రాదు. కోడ్ తప్పైతే పరీక్షలో పట్టుబడుతుంది. గుర్తు తప్పైతే పట్టుకోవలసింది పాఠకుడే. అందుకే ఏరియాస్పెక్ వాడకం మానేశాను.

ఇప్పుడు నేను నడుపుతున్న ఏర్పాటు వేరు. ఇండెక్స్ మాటలను అసలు సోర్సు ఫైలులోనే ప్రత్యేకమైన కామెంటుగా రాస్తాను. లిస్టింగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో కూడా కామెంట్లే చెబుతాయి. చిన్న స్క్రిప్టు ఆ భాగాన్ని కత్తిరించి, గుర్తులను ఎస్కేప్ చేసి, కామెంట్లను ఇండెక్స్‌టర్మ్‌లుగా మార్చి, పూర్తి ప్రోగ్రామ్‌లిస్టింగ్‌ను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాస్తుంది. పుస్తకం దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గానే కలుపుకుంటుంది. పరీక్షించే కోడ్, అచ్చయ్యే కోడ్, ఇండెక్స్ గుర్తు మూడూ ఒకే చోట ఉంటాయి, కోడ్ జరిగితే గుర్తు దానితోపాటే జరుగుతుంది. పుస్తకం కొంచెం పెద్దదైనా ఈ స్క్రిప్టు రాసుకోవడానికి వెనకాడవద్దు.

కోడ్ రంగులు, వరుస సంఖ్యల గురించి క్లుప్తంగా చెబుతాను. లాంగ్వేజ్, లైన్‌నంబరింగ్ యాట్రిబ్యూట్లు ఇవ్వడం సులువే. పాత ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 స్టైల్‌షీట్లలో అవి పనిచేయాలంటే వాటిని నడిపే శాక్సన్ లేదా జలాన్ ప్రోగ్రామ్‌కు జావా ఎక్స్‌టెన్షన్లు జోడించాలి, అలాంటిదే మరొకటైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ ఒక్కటే ఉంటే యాట్రిబ్యూట్లు ఉన్నా ఫలితం రాదు. పీడీఎఫ్‌లో పొడవాటి వరుసలు డిఫాల్టుగా విరగవు, మార్జిన్ దాటిపోతాయి. మోనోస్పేస్ వెర్బటిమ్ ప్రాపర్టీస్‌లో ర్యాప్ ఆప్షన్ మార్చి, హైఫనేట్ వెర్బటిమ్ పెరామీటర్ పెట్టి, విరిగిన చోట కనిపించే గుర్తును కూడా నిర్ణయించుకోవాలి. ఆ గుర్తు మీ ఫాంటులో ఉండాలి, లేకపోతే పీడీఎఫ్ తయారుచేసే ఉచిత ప్రోగ్రామ్ ఎఫ్‌ఓపీ దాని బదులు # అచ్చువేస్తుంది. నేనైతే వరుసలను కోడ్‌లోనే చిన్నవిగా రాస్తాను.

ఇండెక్స్ తయారయ్యాక రెండు చిక్కులు ఎదురవుతాయి. కమాండ్ ఆప్షన్లు హైఫన్లతో మొదలవుతాయి కాబట్టి అన్నీ చిహ్నాల గుంపులో పోగవుతాయి. సార్ట్‌యాజ్ యాట్రిబ్యూట్‌లో హైఫన్లు లేని పేరు ఇస్తే అవి తమ అక్షరం కిందికి చేరతాయి, పాఠకులు వెతికేది అక్కడే. లాటిన్ కాని లిపిలో నమోదులుంటే ఇండెక్స్‌ను గుంపులు చేసే బేసిక్ పద్ధతి వాటినీ ఆ చిహ్నాల గుంపులోనే పడేస్తుంది, ఇండెక్స్ మెథడ్‌ను కోసెక్ లేదా కింబర్‌కు మార్చాలి. రెండో చిక్కు ఎఫ్‌ఓపీతో చేసిన పీడీఎఫ్‌లలో వస్తుంది. ఒకే పేజీలో ఒక మాటకు మూడు గుర్తులుంటే ఇండెక్స్‌లో 45, 45, 45 అని పడుతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్ నడిచే సమయానికి పేజీ సంఖ్యలు ఇంకా పుట్టవు, అందువల్ల మళ్లీ వచ్చినవాటిని అది ఏరివేయలేదు. పేజీల రూపాన్ని వివరించే ప్రమాణమైన 2006 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్ 1.1లో దీనికి పరిష్కారం ఉంది, ఎఫ్‌ఓపీలో లేదు. ఎక్స్‌ఈపీ, యాంటెన్నా హౌస్ లాంటి కొనుక్కునే ఫార్మాటర్లలో వాటి ఎక్స్‌టెన్షన్లు ఆన్ చేస్తే సరిపోతుంది. ఎఫ్‌ఓపీతోనే ఉండాలంటే మేక్ ఇండెక్స్ మార్కప్ పెరామీటర్‌తో ఇండెక్స్‌ను మార్కప్‌గా బయటికి తీసి, సంఖ్యలు కలిపి, తిరిగి చేర్చాలి. అచ్చుకు వెళ్లే చివరి ప్రతికి మాత్రమే ఆ పని పెట్టుకుంటాను.

ట్యాగుల బదులు తేలిక గుర్తులతో రాసే ఆస్కీడాక్‌లో రాయడం హాయిగా ఉంటుంది కదా అని తోటి రచయితలు అడుగుతుంటారు. నిజమే. సోర్సు కామెంట్లలో ట్యాగులు పెట్టి ఫైలులో కొంత భాగాన్నే తెచ్చుకునే సదుపాయం దానిలో చక్కగా ఉంది, నా స్క్రిప్టులో సగం దానితో తీరిపోతుంది. కాని అక్కడ లిస్టింగ్ లోపల రాసిన ఇండెక్స్ మాట మామూలుగా ఇండెక్స్‌గా కాక కోడ్‌గానే అచ్చవుతుంది. ఆస్కీడాక్ ఫైళ్లను మార్చే ఆస్కీడాక్టర్ ప్రోగ్రామ్ నేరుగా ఇచ్చే హెచ్‌టీఎంఎల్‌లో ఇండెక్స్ కూడా రాదు. ఒకే ఉదాహరణ మీద సాగే చిన్న మార్గదర్శికకు ఆస్కీడాక్ తీసుకోండి. వందల లిస్టింగులుండి, పాఠకులు వెనక నుంచి తెరిచే పుస్తకమైతే డాక్‌బుక్‌నే ఎంచుకోండి. మొదటి అధ్యాయం మొదలుపెట్టే ముందే కామెంట్లను ఇండెక్స్‌టర్మ్‌లుగా మార్చే స్క్రిప్టు సిద్ధం చేసుకోండి. సగం పుస్తకం అయ్యాక దాన్ని తెస్తే అప్పటిదాకా రాసిన లిస్టింగులన్నీ తిరగరాయాలి.