మద్రాసు మారథాన్: బూట్ల సంగతి తర్వాత, ముందు గది చూసుకోండి

మద్రాసు మారథాన్‌కి పేరిచ్చిన మనవాళ్లు ఫోన్ చేసి అడిగేది బూట్ల గురించి. నేను ముందు గది గురించి చెప్తాను. ఫుల్ మారథాన్ తెల్లవారుజామున నాలుగింటికి నేపియర్ బ్రిడ్జి దగ్గర మొదలై, 42.195 కిలోమీటర్లు తిరిగి ఎక్కడో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముగుస్తుంది. ముగింపు దగ్గర దిగితే పరుగయ్యాక హాయిగా పడుకోవచ్చని మా బావ లెక్క. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ వైపున్న తిరువాన్మియూరులో రాత్రి రెండున్నరకి క్యాబ్ దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ ఎవరు పడతారు? పరుగయ్యాక పట్టపగలు, బస్సులుంటాయి, ఆటోలుంటాయి, ఎలాగో వెనక్కి వచ్చేయొచ్చు.

అందుకని ట్రిప్లికేన్‌లో దిగాం. సెంట్రల్ పక్కన పెరియమేట్, ఎగ్మోర్ లాడ్జిలు రైలు దిగగానే అందుతాయి, కానీ రాత్రంతా హారన్లు. ట్రిప్లికేన్ గదులు ఇరుకే అయినా నేపియర్ బ్రిడ్జికి నడిచి వెళ్లిపోవచ్చు, ఒళ్లు కూడా వేడెక్కుతుంది. మారథాన్ రోజున మెట్రోని మామూలు కన్నా ముందే నడిపిన ఏళ్లు ఉన్నాయి. నడిపితే గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్లో దిగొచ్చు. దాన్నే నమ్ముకోకుండా ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రం, ఫ్యాను గట్టిది. వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరు తర్వాతేనట. అంతకన్నా పెద్ద చిక్కు గేటు. మేం కిందికి దిగేసరికి తాళం వేసి ఉంది, వాచ్‌మన్ బెంచీ మీద ముసుగుతన్ని పడుకున్నాడు. లేపితే, "ఈ టయానికి యాడికి సార్?" అన్నాడు తెలుగులోనే. గూడూరు దగ్గర మనిషట. పరిగెత్తడానికన్నా అంటే మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఎవురన్నా తరుముతా ఉండారా?" అని తాళంచెవి వెతకడం మొదలుపెట్టాడు. గది తీసుకునేటప్పుడే గేటు సంగతి అడిగి పెట్టుకోండి.

బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ, ముందే తెచ్చుకోవాలి, రేసు పొద్దున ఇవ్వరు. గుర్తింపు కార్డు మరవొద్దు. ఆ పనయ్యాక ఎక్కువ తిరక్కుండా ఒక్క చోటికే వెళ్లాం, మైలాపూర్లో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి. 58 రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది అక్కడే, బులుసు సాంబమూర్తి గారింట్లో. మా నెల్లూరు జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నవాళ్లం, చూడకుండా ఎలా వస్తాం.

ట్రిప్లికేన్‌లో తిండికి లోటు లేదు. 1948 నాటి రత్నా కేఫ్ అక్కడే ఉంది. ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోస్తారు. అయితే పరుగుకి ముందురోజు సాంబారు జోలికి పోకండి. పెరుగన్నం తిని పడుకోండి, ఇడ్లీలు ఎక్కడికీ పోవు.

నేపియర్ బ్రిడ్జి 1869 నాటిది. 2022లో చెస్ ఒలింపియాడ్ అప్పుడు నలుపు తెలుపు గళ్లతో దీనికి రంగు వేశారు. అక్కణ్నుంచి చీకట్లో మెరీనా పొడవునా, కార్మికుల విగ్రహం దాటి, లైట్‌హౌస్, శాంథోమ్ మీదుగా పరుగు. ఇంతవరకూ స్వర్గమే. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు మోకాళ్లు తినేస్తాయి. ఇక్కడ రోడ్డు బల్లపరుపు, బాధంతా ఉక్కతోనే. జనవరి కదా, చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటే. గాలిలో తేమకి చెమట ఆరదు, బనీను పిండితే నీళ్లు కారతాయి, సాక్సులు తడిసి బూట్లు బరువెక్కుతాయి. చంకల్లో, తొడల మధ్య వాజిలిన్ పట్టించకపోతే స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఓఆర్ఎస్ అందిన చోటల్లా పుచ్చుకోండి.

ఆరున్నరకి తెల్లారాక అసలు పరీక్ష. ముప్పై కిలోమీటర్లు దాటాక నా పిక్కలు పట్టేశాయి. పసుపు టీషర్టు వేసుకున్న కాలేజీ పిల్ల ఒకతి నారింజ తొనల మీద ఉప్పు చల్లి అరచేతిలో పెట్టి, ఇంకో చేత్తో పిక్క మీద స్ప్రే కొట్టి, "పోంగ అణ్ణా, సూపర్!" అని తరిమింది. ఆ వయసు పిల్లలు వేకువనే లేచి వచ్చి అంత ఓపికగా చేస్తారు. సేవలకి మార్కులు వెయ్యమంటే సగం వాళ్లకే వేస్తాను. మిగతా సగంలో, జెండా పట్టుకుని మనతో పరిగెత్తే పేసర్లకి ఎక్కువ. జెండాలో రాసిన టైముకి తగ్గట్టు నడిపిస్తారు, ఆ గుంపు వదలకపోతే గడియారం చూసుకునే పనే ఉండదు. నాకు నచ్చనిది ఈసీఆర్ మీద పక్క వరసలో హారన్ మోగించుకుంటూ పోయే కార్లు.

ఫుల్‌కి ధైర్యం చాలనివాళ్లకి ఇక్కడ 20 మైళ్ల పరుగు కూడా ఉంది, అంటే 32 కిలోమీటర్ల పైచిలుకు. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ పెట్టుకున్నవాళ్లకి అదే మంచిది. మా బావ దాంట్లో పరిగెత్తి నాకన్నా హుషారుగా కనిపించాడు, అది వేరే విషయం.

తిరుగు ప్రయాణం అదే రోజు పెట్టుకోదలిస్తే మధ్యాహ్నం సెంట్రల్ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది. పరుగు ఆలస్యమైతే అదీ అందదు, కాబట్టి మర్నాటికి చేయించుకోవడమే నయం. టికెట్ తీసుకునేటప్పుడు కిటికీ పక్కన కాకుండా నడవ పక్క సీటు అడగండి, కాళ్లు చాపుకోవాలిగా.