జాగ్రత్త: మ్యూజిక్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటలు మీ దగ్గర ఉన్నట్టు కాదు

ఆఫర్‌లో వస్తోంది కదా అని మ్యూజిక్ యాప్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టబోతున్నవాళ్లు, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్ల కోసం పాత పాటలన్నీ ఒకచోట చేర్చి పెడుతున్నవాళ్లు, కట్టేముందు ఇది చదవండి. నేను వాడిన యాప్ పేరు రాయడం లేదు. ఇది ఆ ఒక్క యాప్‌కున్న జబ్బు కాదు, రేపు మీరు వాడేదాంట్లోనూ ఇదే జరగొచ్చు.

మా నాన్నకు పౌరాణిక సినిమాల పద్యాలంటే ప్రాణం. ఘంటసాల, మాధవపెద్ది సత్యం, పి. లీల పాడినవి ఎన్నిసార్లు విన్నా ఆయనకు తనివి తీరదు. ఆయన కోసం యాప్‌లో ఒక ప్లేలిస్ట్ కట్టాను. పద్యాలు వెతకడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. పద్యం మొదటి మాటతో వెతికితే రాదు, సినిమా పేరుతో వెతికితే అదే పేరున్న కొత్త సినిమా వస్తుంది, గాయకుడి పేరు ఉండాల్సినచోట సంగీత దర్శకుడి పేరుంటుంది, కొన్నిసార్లు ఒక సినిమా పద్యం ఇంకో సినిమా ఆల్బమ్‌లో దొరుకుతుంది. అలా ఒక్కోటీ ఏరి, విని, ఇది అసలుదే అని నిర్ధారించుకుని చేర్చిన జాబితా అది.

ఒకరోజు చూస్తే అందులో వరసగా కొన్ని పాటలు బూడిద రంగులోకి మారిపోయి ఉన్నాయి. పేరు ఉంది, బొమ్మ ఉంది, నొక్కితే 'ఈ పాట ప్రస్తుతం అందుబాటులో లేదు' అని కింద ఒక చిన్న లైను కనిపించి మాయమవుతోంది. ముందుగా ఒక మెసేజ్ లేదు, ఒక మెయిల్ లేదు. ఇంకో వారానికి ఇంకొన్ని. అంతకన్నా మండిపోయే సంగతి ఏంటంటే, కొన్ని పాటలు పైకి మామూలుగానే ఉన్నాయి కానీ ప్లే చేస్తే గొంతు వేరు! అసలు రికార్డింగ్ పోయిన చోట అదే పేరుతో ఎవరో ఈమధ్య కీబోర్డు మీద మళ్లీ పాడిన వెర్షన్ వచ్చి కూర్చుంది. నాన్న రెండు లైన్లు విని "ఇదెవర్రా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

కస్టమర్ కేర్‌కు రాశాను. పాటల లభ్యత హక్కుదారులతో మాకున్న ఒప్పందాలను బట్టి ఉంటుంది, నిబంధనల్లో రాసే ఉంది, ఏడాది ప్లాన్‌కు మధ్యలో రీఫండ్ లేదు, అని జవాబు. ఏ పాటలు పోయాయో జాబితా ఇవ్వమంటే ఇవ్వలేదు. టికెట్ క్లోజ్ చేసేసి, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని అడిగారు.

సరే, మిగిలినవాటినైనా కాపాడుకుందామని అన్నీ డౌన్‌లోడ్ పెట్టాను. ఆ తర్వాత కొంతకాలానికి అమ్మానాన్నలతో కారులో శ్రీశైలం బయల్దేరాం. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక సిగ్నల్ ఎలా ఉంటుందో ఆ దారిలో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే కదా డౌన్‌లోడ్ చేసింది! యాప్ తెరిస్తే 'మీ సబ్‌స్క్రిప్షన్‌ను ధ్రువీకరించడానికి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వండి' అంటోంది. ప్లాన్ ఇంకా నెలలు మిగిలి ఉంది, ఫోన్‌లో ఆ పాటలు తీసుకున్న జాగా అలాగే ఉంది, పాట మాత్రం మోగదు. దోమలపెంట దాకా కారులో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

దీని వెనక ఉన్న సంగతి అందరికీ తెలియాలి. యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే మీ ఫోన్‌లోకి వచ్చేది మామూలు ఎంపీ3 ఫైల్ కాదు, తాళం వేసిన ఫైల్. ఆ తాళంచెవి యాప్ దగ్గరుంటుంది, దానికి గడువుంటుంది. యాప్ అప్పుడప్పుడూ సర్వర్‌ను పలకరించి 'ఇతను డబ్బు కడుతున్నాడా, ఈ పాట హక్కులు ఇంకా మన దగ్గరున్నాయా' అని అడిగి గడువు పొడిగించుకోవాలి. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ రెండూ 30 రోజులకు కనీసం ఒకసారి ఆన్‌లైన్‌లోకి రావాలని బాహాటంగానే చెబుతాయి. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించలేరు, ఇంకో ప్లేయర్‌లో వినలేరు, ప్లాన్ ఆగిన రోజున అది మీకు పనికిరాదు. మనం కట్టేది వినడానికి అద్దె. అద్దె తప్పు కాదు, కానీ అమ్మకంలా కనిపించేలా చూపించి అద్దెకివ్వడం తప్పు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకే ఒక చట్టం తెచ్చింది. అమ్మినట్టు చూపించి లైసెన్సు మాత్రమే ఇస్తుంటే ఆ సంగతి కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలి, 2025 జనవరి 1 నుంచి అక్కడ అది అమల్లో ఉంది. నెలనెలా కట్టే స్ట్రీమింగ్‌ను ఉద్దేశించింది కాదది, 'కొనండి' బటన్ల కోసం తెచ్చింది, అయినా ఆలోచన మాత్రం సరైనది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇది నా ఒక్కడి గోల అనుకోకండి. స్పాటిఫై మన దేశంలోకి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. పాటల హక్కులున్న సారెగమా కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో ఏప్రిల్‌లోనే స్పాటిఫై సారెగమా పాటలన్నీ తీసేయాల్సి వచ్చింది, మళ్లీ ఒప్పందం కుదిరింది 2020లో. సారెగమా అంటే ఒకప్పటి హెచ్‌ఎంవీ, మన పాత తెలుగు పాటల్లో పెద్ద భాగం వాళ్ల దగ్గరే ఉంది. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలు అలాగే స్పాటిఫై నుంచి కొంతకాలం పోయాయి. ఇవి పాటలు పోవడం. యాప్‌లే పోయిన కథలు వేరే ఉన్నాయి: గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, రెస్సో అనే మ్యూజిక్ యాప్ 2024 జనవరి 31న మన దేశంలో ఆగిపోయింది, అదే ఏడాది ఆగస్టులో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి జాబితాలు కట్టుకున్నవాళ్లు ఉన్నపళంగా ఇంకోచోటికి మారాల్సి వచ్చింది.

వీటన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఫ్లైట్ కథ. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో ఎంపీ3 పాటల దుకాణం తెరిచింది, 2013 జూన్‌లో మూసేసింది. దుకాణం పోయింది కానీ అక్కడ పాట కొని కంప్యూటర్‌లోకి దించుకున్నవాళ్ల దగ్గర ఆ ఫైల్ ఇవాళ్టికీ మోగుతుంది, ఎందుకంటే దానికి తాళం లేదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇక డబ్బు సంగతి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు! మొదటి నెల తక్కువ ధరకో ఉచితంగానో ఇచ్చేటప్పుడే యూపీఐ ఆటోపేకు ఒప్పుకోమని అడుగుతారు. మీ ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే అనే చోటుకు వెళ్లి చూడండి, ఎప్పుడో వదిలేసిన యాప్‌లు కూడా అక్కడ బతికే ఉండొచ్చు. ప్లేస్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్లేస్టోర్ సబ్‌స్క్రిప్షన్లలో రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలా దానంతటదే డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ ఎస్ఎంఎస్‌ను చదవకుండా తోసేయకండి. రద్దు చేసే దారి దొరక్కుండా దాచిపెట్టడం, దాన్ని మరీ కష్టం చేయడం లాంటివాటిని కేంద్రం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కింద చేర్చింది, నిషేధించిన 13 రకాల మోసపు పద్ధతుల్లో అదొకటి. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ చేసేముందు పేమెంట్ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. పోయిన పాటలకు డబ్బు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, నిబంధనల్లో వాళ్లు ముందే చేతులు దులిపేసుకుని ఉంటారు. ఆటోపేలో అక్రమంగా కోసిన డబ్బు మాత్రం అడగాల్సిందే.

మరి ఏం చేయాలి? స్ట్రీమింగ్ మానేయమని నేను అనను. కొత్త పాటలు వినడానికి, తెలియని గాయకులను పట్టుకోవడానికి దానంత సుఖం లేదు, నేనూ వాడుతున్నాను, కానీ నెల ప్లానే. ఏ పాటలు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదో వాటికి మాత్రం తాళం లేని కాపీ మన దగ్గర ఉండాలి.

ఇంట్లో పాత సీడీలు ఉంటే అవి బంగారం, తక్కువ ధరకు అమ్మేయకండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవ్ ఉండదు, యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ కొనుక్కుంటే చాలు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గీతలు పడ్డ సీడీని కూడా మళ్లీ మళ్లీ చదివి వీలైనంత సరిగ్గా తీస్తుంది. ఫ్లాక్ (FLAC) అనే ఫైల్ రకంలో తీసి దాచుకోండి, నాణ్యత ఏమీ తగ్గదు. ఫోన్ కోసం, కారు కోసం దాన్నుంచే 320 కేబీపీఎస్ (ఈ అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువ) ఎంపీ3 చేసుకోవచ్చు. నాలుగు నిమిషాల పాట పది ఎంబీ లోపే, 64 జీబీ కార్డులో ఆరు వేల పాటలకు పైగా పడతాయి. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి న్యాయమైన మేరకు మినహాయింపు ఉంది, కానీ ఆ కాపీలు ఊరంతా పంచితే అది సొంత వాడకం కాదు.

క్యాసెట్లు ఉన్నవాళ్లు ఇంకా తొందరపడాలి. టేపు డెక్ నుంచి కంప్యూటర్‌కు వైరు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయాలి, 90 నిమిషాల క్యాసెట్‌కు 90 నిమిషాలు పడుతుంది, దగ్గర దారి లేదు. ఊళ్లో ఆడిన పద్యనాటకమో, ఇంట్లో పేరంటంలో అమ్మమ్మ పాడిన మంగళహారతో ఏ యాప్‌లోనూ ఎప్పటికీ రాదు, ముందు వాటితో మొదలుపెట్టండి.

పేర్లు పెట్టడం దగ్గర కాస్త ఓపిక కావాలి. సినిమా పేరు పక్కన విడుదలైన ఏడాది తప్పకుండా రాయండి, మన దగ్గర ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉంటాయి. ఫోన్‌లో తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి కానీ చాలా కారు స్టీరియోల్లో డబ్బాలుగా కనిపిస్తాయి, కారు పెన్‌డ్రైవ్‌కు ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టుకోవడం మేలు. ఫోన్‌లో వినడానికి వీఎల్‌సీ, మ్యూజికోలెట్ అనే ప్లేయర్ యాప్‌లు రెండూ బాగుంటాయి, నెట్ అక్కర్లేదు. స్వతంత్రంగా పాడుకునే కళాకారుల పాటలైతే బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట తాళం లేని ఫైల్‌గానే కొనుక్కోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే హార్డ్ డిస్క్‌ను నమ్మకండి. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచండి.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. ఫుట్‌పాత్‌ల మీద, ఆన్‌లైన్‌లో 'వేల పాటలతో పెన్‌డ్రైవ్' అని అమ్మేవి కొనకండి. దొంగ కాపీలన్న సంగతి అటుంచితే, చాలా వాటిల్లో 128 కేబీపీఎస్ పాటనే సాగదీసి 320 అని పేరు పెడతారు. పాటలోని ధ్వనులను బొమ్మగా చూపించే స్పెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే బండారం బయటపడుతుంది, 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైనంతా ఖాళీగా ఉంటుంది. మరీ చౌకగా వచ్చే ఒక టీబీ, రెండు టీబీ పెన్‌డ్రైవ్‌లు ఇంకా ప్రమాదం. లోపల ఉండేది కొద్ది జీబీలే, కంప్యూటర్‌కు మాత్రం ఎక్కువ చూపించేలా మార్చేస్తారు. మీరు పాటలు ఎక్కిస్తారు, పేర్లన్నీ కనిపిస్తాయి, జాగా దాటాక ఎక్కించినవి మాత్రం మోగవు. ఏ కొత్త డ్రైవ్ కొన్నా ఒక్క పాట ఎక్కించకముందే అసలు జాగా ఎంతో తేల్చే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా పరీక్షించి, తేడా వస్తే రిటర్న్ గడువు లోపలే వెనక్కి పంపేయండి.

ఏడాది ప్లాన్ ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ వారంలోనే మీ ప్లేలిస్ట్ పేర్లను బయటికి తీసి పెట్టుకోండి. యూట్యూబ్ మ్యూజిక్ అయితే మన డేటాను దించుకోనిచ్చే గూగుల్ టేకౌట్ పేజీలో వస్తుంది, స్పాటిఫై అయితే అకౌంట్ ప్రైవసీ పేజీలో మీ డేటా అడిగితే పంపుతుంది, అలాంటి సౌకర్యం లేని యాప్ అయితే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. బూడిద రంగులోకి మారిన పాట కొన్ని యాప్‌లలో తర్వాత జాబితాలోంచే పూర్తిగా మాయమవుతుంది, అప్పుడు పోయింది ఏ పాటో కూడా గుర్తుపట్టలేరు. తర్వాత ఆటోపే ఆపేయండి. చాలా యాప్‌లలో ఇప్పుడు ఆపేసినా కట్టిన గడువు చివరిదాకా పాటలు వస్తూనే ఉంటాయి. మీ యాప్‌లో అలా కాకపోతే, రద్దు చేసే బటన్ అసలు దొరక్కపోతే, కింద యాప్ పేరుతో సహా రాయండి, మిగిలినవాళ్లు డబ్బు కట్టకముందే తెలుసుకుంటారు.