పెట్టె పాడుతుందని నాకు తెలీదు: ఫోర్ట్‌నైట్‌లో ఒక్క సెట్టింగ్‌తో నాలుగేళ్లు

ఫోర్ట్‌నైట్ అంటే ఒకరినొకరు కాల్చుకుంటూ ఆఖరిదాకా మిగిలినవాళ్లు గెలిచే వీడియో గేమ్. ఎలా ఆడతారో చాలామందికి తెలుసు, అది రాయను. నేను రాసేది దాని ఆడియో సెట్టింగుల్లో ఉన్న ఒకే ఒక్క మీట గురించి, ‘విజువలైజ్ సౌండ్ ఎఫెక్ట్స్’. ఆన్ చేస్తే స్క్రీన్ మధ్యలో గురి చుక్క చుట్టూ, చప్పుడు ఎటునుంచి వస్తే అటువైపు ఒక గుర్తు వెలుగుతుంది. అడుగులకి ఒక గుర్తు, కాల్పులకి ఒకటి, తుపాకులూ సామానూ దాచి ఉంచే పెట్టెకి ఒకటి. 2018లో ముందు ఫోన్లో ఆడేవాళ్లకి వచ్చింది, 2019లో పీసీకీ కన్సోల్‌కీ ఇచ్చారు. నాలుగేళ్లుగా అది లేకుండా నేను ఆడింది ఒక్క రోజే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఏడో ఏట మెదడువాపు జ్వరం వచ్చి నాకు వినికిడి పోయింది. ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటే లారీ హారన్ తెలుస్తుంది గానీ లారీ ఎటుందో తెలీదు. దిక్కు పట్టాలంటే రెండు చెవులూ కావాలి. చప్పుడు ఒక చెవికి రవ్వంత ముందు, రెండో చెవికి రవ్వంత వెనక చేరుతుంది, ఆ తేడాతోనే మెదడు లెక్క కడుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర రోడ్డు దాటేటప్పుడు నాలుగు పక్కలా చూస్తూ నడుస్తాను. ఆటలోనూ అలాగే మూడడుగులకోసారి వెనక్కి తిరిగేవాణ్ని. అలా తిరిగినప్పుడే ముందునుంచి కాల్చేవారు.

మా బావ, నేను పక్కపక్కన కూర్చుని జంటగా ఆడతాం. ఆటలో బావ ఏ ఇంట్లో దూరినా నేరుగా పెట్టె దగ్గరికే పోయేవాడు. నేను గది గదీ వెతుక్కునేవాణ్ని. రెండేళ్లు అది బావ అదృష్టం అనుకున్నాను.

సెట్టింగ్ పెట్టిన మొదటి రాత్రి, మనిషి అలికిడి లేని ఇంట్లో మేడ మీదికి ఎక్కాను. గురి చుక్కకి ఎడమ పక్కన పెట్టె గుర్తు వెలిగింది. అటు తిరిగితే గోడ. కుడికి జరిగితే గుర్తు ఎడమకి పోయింది, మళ్లీ గోడ వైపు తిరిగితే మళ్లీ ఎదురుకి వచ్చింది. పికాక్స్‌తో గోడ కొట్టాను. వెనక ఇరుకు గది, అందులో బంగారు రంగులో పెట్టె. బావ వైపు తిరిగి, ఇదేమిటని చేత్తో అడిగాను. ఫోన్లో టైప్ చేసి చూపించాడు: “పెట్టి పాడతాది కదరా. దగ్గరికెళ్తే ఇనబడతాది. నీకు తెల్దా?”

తెలీదు. రెండేళ్లు ఆడాను, తెలీదు. ఎలా పాడుతుందని అడిగితే నా అరచెయ్యి స్పీకరు మీద పెట్టాడు. ఏమీ అందలేదు, అంత సన్నని చప్పుడట. సిరిమాను పండగ ముందు రోజు, తొలేళ్ల రాత్రి, మా ఊరి పైడితల్లమ్మ గుడి దగ్గర డప్పు నా ఛాతీలోకి వస్తుంది. ఇది అలా రాదు. కంటికి మాత్రం వచ్చింది. ఆ రాత్రి రెండింటి దాకా పెట్టెలే వెతికాను, ఎవరినీ కాల్చలేదు.

ఫోన్లో ఆడే ఇంకో కాల్పుల ఆట బీజీఎంఐలోనూ మినీమ్యాప్ (చిన్న పటం) మీద అడుగుల గుర్తు, తూటా గుర్తు వస్తాయి కదా అంటారు. వస్తాయి, కానీ అవి స్క్రీన్ మూలన ఉంటాయి. చూపు గురి మీంచి తీసి మూలకి పంపి తెచ్చుకునేలోపు పని అయిపోతుంది. వాలరెంట్ అనే మరో కాల్పుల ఆట మ్యాప్‌లో నా చప్పుడు ఎంత దూరం పోతుందో గుండ్రంగా గీసి చూపిస్తారు, ఎదుటివాడి చప్పుడు చూపించరు. అందుకే దాన్ని వదిలేశాను. నాకు కావలసింది ఎదుటివాడిది.

అప్పట్లో స్నేహితులందరికీ ‘నాకు చెవులొచ్చేశాయి’ అని మెసేజ్ పెట్టాను. ఇప్పుడైతే ఆ మాట అలా రాయను. వినేవాళ్లకి కళ్లు ఒక పని చేస్తాయి, చెవులు ఇంకో పని చేస్తాయి. నాకు రెండు పనులూ కళ్ల మీదే పడ్డాయి. గంటన్నర ఆడితే కళ్లు మండుతాయి. ఆట చివర, ఆడే చోటు కుంచించుకుపోయిన ఆఖరి వలయంలో పదిమంది మిగిలితే కాల్పుల గుర్తులే చుట్టూ నిండిపోతాయి, వాటి మధ్య నాకు కావలసిన అడుగుల గుర్తు మునిగిపోతుంది. వినేవాడు తుపాకుల మోతలో కూడా మెట్ల మీది అడుగు పట్టుకుంటాడని బావ చెప్తాడు. నేను ఇంతవరకు పట్టుకోలేకపోయాను.

ఇక ఆ ఒక్క రోజు సంగతి. రెండేళ్ల కిందట సిరిమాను పండగ సెలవుల్లో ఊళ్లో ఒక గేమింగ్ సెంటర్‌లో జంటల పోటీ పెట్టారు. సిస్టమ్‌లు వాళ్లవే, సెట్టింగులు ముట్టుకోకూడదన్నారు. నాకు వినపడదు, ఈ ఒక్క మీట ఆన్ చెయ్యండి అని ఫోన్లో రాసి చూపించాను. నడిపే అతను తల పక్కకి తిప్పి ఏదో అన్నాడు, పెదాలు నాకు కనపడలేదు. ‘అది ఉంటే గోడల వెనక మనుషులు తెలిసిపోతారు, మిగతావాళ్లకి అన్యాయం’ అన్నాడని బావ చెప్పాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకి గోడల వెనక మనుషులు తెలియడం లేదా? ఇదే రాసి చూపించాను. చదవలేదు. పక్క టేబుల్ కుర్రాళ్లలో ఇద్దరు చక్కగా వినపడేవాళ్లు, ఇంట్లో తాము కూడా అదే పెట్టుకుని ఆడతామని తర్వాత చెప్పారు.

బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఎడమనుంచి వస్తే నా ఎడమ మోకాలి మీద, కుడినుంచి వస్తే కుడి మోకాలి మీద తన కాలితో తట్టాడు. వెనకైతే మోచేత్తో వీపు మీద పొడిచాడు. మూడు ఆటలు అలా లాగాం. నాలుగో ఆటలో బావ ముందు పోయాడు. ఆటలో చనిపోయినవాళ్లు లేచి దూరంగా నిలబడాలట. మోకాలు తట్టేవాళ్లు లేరు. మెట్ల కింద కూర్చుని ఎటు చూడాలో తెలియక పైకే చూస్తూ ఉండిపోయాను. వెనకనుంచి వచ్చారు. ఓడినందుకు కాదు, ఆ రాసింది చదవనందుకు ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మాటల సంగతి వేరు. ఆటల్లో మాట్లాడుకునే సదుపాయం వినపడనివాళ్లకీ అందాలని అమెరికాలో 2010లో చట్టం చేశారు. ఆటలకిచ్చిన మినహాయింపు 2018తో తీరింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్‌లో మాటని అక్షరంగా చూపించే వీలూ, శత్రువు ఉన్నచోటుని ఒక్క నొక్కుతో గుర్తుపెట్టే పింగూ ఉన్నాయి. మా ఇద్దరి మధ్య పింగే ఎక్కువ నడుస్తుంది. మాటల్ని తెలుగు అక్షరాలు చేసే ఒక యాప్ కూడా ఫోన్లో పెట్టి చూశాను. బావ “ఎనకాల గుంటడొచ్చేడు” అంటే ‘వెనకాల గుంట’ అని పడింది. నేను నేల మీద గుంట కోసం చూశాను. మా వైపు గుంటడంటే కుర్రాడు. మా ఊరి మాట దానికి రాదు.

కొనాల్సిన పని లేదు, ఆట ఉచితం, మీట ఉచితం. వినపడనివాళ్లు ఈ రాత్రే పెట్టుకోండి అని గట్టిగా చెప్తాను. అయితే నా పక్కన బావ ఉంటాడు, ఇంట్లో పెద్ద మానిటర్ ఉంది, ఏడేళ్ల దాకా విన్న చెవులివి కాబట్టి అడుగు చప్పుడు ఎలా ఉంటుందో నాకు జ్ఞాపకం ఉంది. పుట్టుకతో వినపడని పిల్లాడు చిన్న ఫోన్ మీద ఒక్కడే ఆడితే ఎంత అక్కరకొస్తుందో చెప్పలేను.

ఈ దసరాకి అదే సెంటర్‌లో మళ్లీ పోటీ అట. ఆ మీట సంగతి ఈసారి ముందే మెసేజ్ పెట్టాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.