ఛెనా విరవడమా, పెరుగు తోడుపెట్టడమా?

బరంపురంలో ఉంటే పిల్లలకు రెండూ తెలిసినవే. మిఠాయి కొట్లో ఒడియావాళ్ల ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసే ముద్ద; ఇంట్లో మన గడ్డపెరుగు. రెండింటిలోనూ పులుపు తగిలి పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. మరి వంటింట్లో సైన్సు చెప్పడానికి ఏది మేలు?

ఛెనా అయితే ఫలితం నిమిషాల్లో తేలిపోతుంది. మరిగిన పాలలో చెంచాతో కొద్దికొద్దిగా నిమ్మరసం వేస్తే తెల్లటి ముద్దలు విడిపోయి, లేత ఆకుపచ్చ నీళ్లు మిగులుతాయి. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే విటమిన్ బి2. అయిదారేళ్ల పిల్లలకు ఇదే సరి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందే.

పెరుగుకు రాత్రంతా ఆగాలి. అయినా నా ఓటు దానికే. ఇక్కడ పులుపు మనం పొయ్యం, బ్యాక్టీరియా తయారుచేస్తుంది, పాలలోని లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చి. నాలుగు గిన్నెల్లో ఒకే కొలత కాచిన పాలు పెట్టండి. ఒకదానికి పొయ్యి మీంచి దించగానే తోడు వేయండి, రెండోదానికి 40 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఉన్నప్పుడు. మూడోది చల్లార్చి, తోడు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగోదానికి గోరువెచ్చగా ఉన్నా తోడే వేయొద్దు. ఏది తోడుకుంటుందో పిల్లల చేతనే ముందుగా రాయించండి.

పొద్దున రెండోదే గట్టిగా ఉంటుంది. మొదటిదాంట్లో వేడికి బ్యాక్టీరియా చచ్చిపోయింది, మూడోదాంట్లో చలికి మందగించింది. "చలికాలంలో అమ్మమ్మ గిన్నెకు గుడ్డ ఎందుకు చుడుతుంది?" అని అప్పుడు అడగండి. జవాబు వాళ్లే చెప్తారు.