వీల్ ఆఫ్ టైమ్: పద్నాలుగు పుస్తకాలా, మూడు సీజన్లా?

ఫాంటసీ చదివేవాళ్లు నలుగురు కలిస్తే రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టిన ఈ పుస్తకాల మీద, వాటి ఆధారంగా తీసిన టీవీ సిరీస్ మీద వాదన తప్పదు. పుస్తకాలకు ప్రాణం పెట్టేవాళ్లకు సిరీస్ పేరెత్తితే మండుతుంది. సిరీస్ చూసి ఇటు వచ్చినవాళ్లు అన్ని వేల పేజీలు ఎవరు చదువుతారని అడుగుతారు. నా ఓటు పుస్తకాలకే. అయినా వాటి మీద వచ్చే ఫిర్యాదులు చాలావరకు నిజమే, సిరీస్‌ను తిట్టే తిట్లలో కొన్ని అన్యాయం.

పుస్తకాల్లో అసలు చిక్కు ఎనిమిది నుంచి పది వరకు. తొమ్మిదో పుస్తకం చివర ఒక మహా ఘటన జరుగుతుంది. ఆ తర్వాత ఏమైందా అని ఆత్రంగా పదోది తెరిస్తే, ఆ సమయంలో మిగతావాళ్లు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో చెప్పడానికే బోలెడన్ని పేజీలు పోతాయి. ముఖ్యపాత్రల్లో ఒకరైన నైనీవ్ కోపమొచ్చినప్పుడల్లా జడ లాక్కోవడం సరేసరి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలొద్దు. పదోదాని సారాంశం చదివేసి పదకొండుకు వెళ్లిపోండి, రాబర్ట్ జోర్డన్ అందులో మళ్లీ పరుగందుకున్నాడు. ఆయన పూర్తిగా రాసిన చివరి పుస్తకం అదే. 2007లో ఆయన పోయాక, భార్య, ఎడిటర్ అయిన హారియట్ మెక్‌డూగల్ మిగతా కథను మరో రచయిత బ్రాండన్ శాండర్సన్ చేతిలో పెట్టారు. 1990లో మొదలైన కథ 2013లో ముగిసింది.

సిరీస్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 2021లో ప్రైమ్ వీడియోలో మొదలై, మూడు సీజన్లకే 2025లో రద్దయింది.

మొదటి సీజన్ మీద అభిమానుల కోపంలో న్యాయం ఉంది. ముఖ్యపాత్రల్లో ఒకడైన పెరిన్‌కు పుస్తకంలో లేని పెళ్లాన్ని తెచ్చి, అతని చేతిలోనే చనిపోయేలా చేశారు. అంతకన్నా పెద్ద తప్పు, డ్రాగన్, అంటే లోకాన్ని కాపాడడానికి మళ్లీ పుట్టే వీరుడు, అమ్మాయైనా కావచ్చని ఊరించడం. ఈ కథలో మగవాళ్లు వాడే మంత్రశక్తికి విషం సోకింది, దాన్ని తాకినవాడికి పిచ్చెక్కుతుంది. లోకాన్ని కాపాడాల్సినవాడే పిచ్చివాడైపోతే? కథకు వెన్నెముక ఆ భయమే. అమ్మాయి కూడా కావచ్చు అన్నారంటే ఆ భయం సగం చచ్చినట్టే. కానీ సీజన్ ముగింపు తడబడిందని తిట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కోవిడ్‌తో షూటింగ్ ఆగింది, మరో ముఖ్యపాత్ర మ్యాట్ వేషం కట్టిన నటుడు చివరి రెండు ఎపిసోడ్లకు రాలేదు.

సిరీస్ గెలిచిన చోట్లూ ఉన్నాయి. తొలి పుస్తకంలో మంత్రశక్తి ఉన్న మొయిరేన్ ఎక్కువగా పల్లెటూరి కుర్రాడి కళ్లకు కనిపించే అంతుచిక్కని మనిషి. రోజమండ్ పైక్ ఆమె అలసటను, మొండితనాన్ని దగ్గర నుంచి చూపించింది.

ఇక రుయిడియన్ అనే నగరంలోని ఘట్టం. గాజు స్తంభాల మధ్య కథానాయకుడు రాండ్ ఒక్కో అడుగు వేస్తుంటే ఒక్కో తరం వెనక్కి వెళ్తాడు, ప్రతిసారీ ఒక పూర్వీకుడిగా మారి అతని బతుకు బతుకుతాడు. ఆ పూర్వీకులది ఏయెల్ అనే యోధుల జాతి. కత్తి ముట్టని ఆ జాతి ఆ నియమం వెనక కారణాన్నే మరిచిపోయింది. రాండ్ కన్నా ముందు లోపలికి వెళ్లిన యోధుడు ఆ నిజాన్ని తట్టుకోలేకపోతాడు. తెర మీద ఆ పూర్వీకులందరి వేషాలూ రాండ్ పాత్రధారి జోషా స్ట్రాడోవ్‌స్కీయే వేశాడు. పుస్తకానికి సమ ఉజ్జీగా నిలిచిన ఎపిసోడ్ అది.

మొత్తం చదివే తీరిక లేనివాళ్లు తొలి నాలుగు పుస్తకాలు చదవండి. నాలుగోదానిలో 25, 26 అధ్యాయాలు పూర్తిచేశాకే మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ పెట్టుకోండి.