చిన్న టమాటకు ఏ గింజ మేలు? ఎఫ్‌1 చెర్రీనా, ప్యాకెట్ హెయిర్‌లూమా, మన నాటుదా?

పుబ్బ కార్తె వచ్చిందంటే మా వాడకట్టులో ఒకటే ప్రశ్న. "అక్కా, ఈసారి చిన్న టమాటకు ఏ గింజ పెట్టాలె?" హన్మకొండలో మిద్దె తోటలు పెరిగిన కొద్దీ అడిగేవాళ్లూ పెరిగారు. వాళ్లకు నారు పోయడం తెలుసు, కట్టె పాతి కట్టడం తెలుసు, వేపనూనె కొట్టడం తెలుసు. దుకాణంలో ఎఫ్‌1, అంటే హైబ్రిడ్ చెర్రీ ప్యాకెట్, ఆన్‌లైన్‌లో హెయిర్‌లూమ్, అంటే పాతకాలపు విదేశీ రకం ప్యాకెట్, ఊరి నుంచి వచ్చిన చుట్టాల చేతిలో నాటు గింజల కాగితం పొట్లం. ఈ మూడింట్లో దేనికి బకెట్ కేటాయించాలన్నదే తేలడం లేదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మూడు చలికాలాలుగా ఈ మూడు రకాలనూ పక్కపక్కనే పెంచాను. అన్నింటికీ అవే 20 లీటర్ల పెయింట్ బకెట్లు, అదే మట్టి. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం కోకోపీట్, గుప్పెడు వేపపిండి. ఎండ కూడా అన్నింటికీ సమానమే, పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. అందుకే కాపులో కనిపించిన తేడా ఎక్కువగా గింజదేనని నమ్ముతున్నాను.

ముందు ఎఫ్‌1 చెర్రీ. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. నాటిన ప్రతి మొక్కా ఒకేలా పెరుగుతుంది, గెలలు తోరణాల్లా వేలాడతాయి, పండు తియ్యగా ఉంటుంది. మా చెల్లె పిల్లలు వస్తే బకెట్ దగ్గరే నిలబడి తెంపుకుని తినేస్తారు, ఒక్కటీ వంటింటి దాకా రాదు. కొన్ని ఎఫ్‌1 రకాల్లో ఆకుముడత వైరస్‌ను తట్టుకునే గుణం కూడా ఉంటుంది. పెద్ద టమాటల్లో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్లు తీసిన అర్క రక్షక్ అలాంటిదే. ఆ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ ఎక్కువగా ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు.

చిక్కు రెండో ఏడాది వస్తుంది. రెండు వేరు వేరు వంగడాలను కలిపి తీసిన మొదటి తరం గింజ అది. ఆ పండులోని గింజ మళ్లీ పోస్తే గుణాలన్నీ విడిపోతాయి. నేను పోసి చూశాను. ఆరు మొక్కలు మొలిస్తే ఒక్కటి మాత్రమే తల్లిని పోలింది. ఒకటి చప్పగా కాసింది, ఒకటి మిగతావాటి కన్నా నెల ఆలస్యంగా పూసింది, తక్కినవి అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. ఏటా ప్యాకెట్ కొనుక్కోవడానికి సిద్ధమైతే ఈ ఇబ్బంది లేదు.

ఇక ప్యాకెట్ హెయిర్‌లూమ్‌లు. విదేశాల్లో తరతరాలుగా గింజ పట్టుకుంటూ కాపాడుకొచ్చిన పాత రకాలివి. యెల్లో పియర్ అయితే యూరప్‌లో రెండు వందల ఏళ్లకు పైగా పండుతున్నది. చిన్న ఆనపకాయ బుర్ర ఆకారం, పసుపుకొమ్ము రంగు. బ్లాక్ చెర్రీది నల్లద్రాక్ష రంగు. అది హెయిర్‌లూమ్ పేరుతో అమ్ముడుపోతున్నా నిజానికి ఈ మధ్య కాలంలో తీసిన రకమే, అయితే గింజ పట్టుకుని పోస్తే మాత్రం అలాగే వస్తుంది. జనవరిలో ఈ రెండు బకెట్లనూ చూస్తే ఇంకేదీ వద్దనిపిస్తుంది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా వాటి ముందే ఫొటోలు దిగారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. అది పోయాకే అసలు తేడా బయటపడింది.

టమాట పువ్వు తొడిమ మధ్యలో చిన్న గనుపు ఉంటుంది, వేలి కణుపులాగా కొంచెం ఉబ్బి. పిందె నిలిస్తే ఆ గనుపు పచ్చగా, బిగువుగా ఉంటుంది. నిలవకపోతే అక్కడ పసుపు తిరుగుతుంది, వేలు తగిలితే చాలు, పువ్వు సరిగ్గా ఆ గనుపు దగ్గరే విరిగి చేతిలోకి వస్తుంది. మార్చి రెండో వారంలో ఒక సాయంత్రం నీళ్లు పోస్తూ యెల్లో పియర్ గెలను అలా పైకి ఎత్తాను. ఏడు పూలు ఒక్కసారే అరచేతిలో రాలాయి. చెట్టుకు ఏ రోగమూ లేదు, ఆకు నిగనిగలాడుతూనే ఉంది.

రాలింది రాత్రి వేడికి. రాత్రులు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే టమాటకు పిందె బాగా నిలుస్తుంది. 24 దాటిన కొద్దీ పుప్పొడి బలహీనపడి పూలు రాలడం ఎక్కువవుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు సుమారు 15–17 డిగ్రీలు. మార్చి నడిమికి 20 దాటుతాయి, ఏప్రిల్‌లో 25 దగ్గరికి వస్తాయి. ఇది నేల మీది లెక్క. మిద్దె మీద స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా వదులుతూనే ఉంటుంది. రాత్రి పదింటికి చెప్పులు లేకుండా నడిస్తే ఆ సంగతి కాళ్లకే తెలుస్తుంది. అంటే సెప్టెంబరులో గింజ పోసి, డిసెంబరులో తొలి పండు తెంపితే, ఆ తర్వాత మనకు మిగిలే చల్లటి రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని వారాలే. రాత్రులు వేడెక్కాక కూడా ఏ గింజ ఎన్ని వారాలు కాస్తుందన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. రంగు, తీపి, గెల అందం ఆ తర్వాతే.

చిన్న కాయ రకాలు ఈ విషయంలో మామూలుగా పెద్ద కాయల కన్నా నయం. వాటిలో కూడా మా మిద్దె మీద యెల్లో పియర్, బ్లాక్ చెర్రీ మార్చి నడిమికే పిందె ఆపేశాయి. ఎఫ్‌1 మార్చి చివరి దాకా లాగింది. నాటుది ఏప్రిల్ మూడో వారంలో కూడా రోజూ గుప్పెడు పండ్లు ఇచ్చింది.

ఈ నాటు గింజ మా అత్తమ్మ పుట్టినూరిది, పరకాల వైపు. పత్తి చేను గట్టున, పెంటకుప్ప పక్కన ఎవరూ పోయకుండానే మొలిచి కాసే మొక్క. పండు రేగుపండు కన్నా కొంచెం పెద్దది. తోలు పలుచన, కండ తక్కువ, గింజా రసమూ ఎక్కువ. నాలుగు పచ్చిమిర్చి వేసి నూనెలో మగ్గించి రోట్లో నూరితే చింతపండు అక్కర్లేదు. అదే పచ్చడి చెర్రీతో చేస్తే నాలుక మీద తీపి తగిలి, అన్నంలో కలుపుకుంటే ఏదో వేరే కూరలా ఉంటుంది. మా ఇంట్లో టమాట అంటే పులుపే కాబట్టి ఇది నాకు పెద్ద తేడా. సలాడ్‌కో పిల్లల చిరుతిండికో పెంచుకునేవాళ్లకు కాకపోవచ్చు.

నాటు వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం ఉంది, దీని గురించి ఎవరూ అడగరు. యెల్లో పియర్ ప్యాకెట్‌లోని గింజలన్నీ ఏళ్లుగా వడబోసిన ఒకే పోలిక గింజలు. టమాట తన పువ్వులో తానే పుప్పొడి దిద్దుకునే మొక్క కాబట్టి ఆ పోలిక తరం తరానికీ మారదు. రకం చెడకుండా ఉండటానికి అది మంచిదే. కానీ పది మొక్కలు వేస్తే పదీ ఒకేసారి పూలు రాలుస్తాయి, వాటిలో ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఊరి గింజ అలా కాదు. నాలుగిళ్ల నుంచి, నాలుగు గట్ల నుంచి కలిసిన గింజ అది. తొలి ఏడాది నేను వేసిన ఎనిమిది మొక్కల్లో కాయ సైజు వేరు, పులుపు వేరు, పొడుగు వేరు. ఐదు మార్చి చివర ఆగిపోయాయి. మూడు ఆగలేదు. ఆ మూడింటికి ఎర్ర దారం కట్టి, వాటి నుంచి మాత్రమే గింజ పట్టాను. రెండో ఏడాది నుంచి ఏప్రిల్ కాపు పెరిగింది. పెద్ద ఎర్రటి పండు కనిపించింది కదా అని ఏదో ఒక చెట్టు నుంచి గింజ తీస్తే ఈ లాభం రాదు.

గింజ పట్టే పద్ధతి మూడు రకాలకూ ఒకటే. బాగా పండిన పండ్లను స్టీలు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి, పలుచటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. ప్రతి గింజ చుట్టూ జిగురు సంచి ఉంటుంది, అది ఉన్నంతసేపూ గింజను మొలవనీయదు. రెండో రోజుకు గ్లాసులో బుడగలు లేచి, పైన తెల్లటి పొర కట్టి, పుల్లటి వాసన వస్తుంది. ఎండాకాలంలో అక్కడితో ఆపాలి, ఇంకా ఉంచితే గ్లాసులోనే మొలకలు వస్తాయి. నీళ్లు పోసి తిప్పితే తాలు గింజ తేలుతుంది, గట్టి గింజ అడుగున నిలుస్తుంది. చాయ్ వడగట్టే జాలిలో వేసి కుళాయి కింద వేలితో రుద్దితే జిగురు పోయి గింజ గరుకుగా తగులుతుంది. పళ్లెంలో పలుచగా పరిచి నీడకు ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుంటుంది. ఆరిన గింజ మీద సన్నటి నూగు కనిపిస్తుంది. తేమ తగలని చిన్న సీసాలో నాలుగేళ్ల దాకా బాగుంటుంది. రెండు మూడు రకాలు పక్కపక్కనే పెంచితే అప్పుడప్పుడు కలుస్తాయి కాబట్టి, గింజకని ఉంచుకునే గెలకు పూత విప్పకముందే పలుచటి నెట్ సంచి తొడగడం మంచిది.

నాటులో లోపాలు లేవని కాదు. పొదలా అల్లుకుపోతుంది, వారానికోసారి కట్టకపోతే పిట్టగోడ దాటి కిందికి వేలాడుతుంది. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు నీళ్లు దండిగా పోస్తే పండు పగులుతుంది. తెంపాక రెండు రోజులకు మించి నిలవదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆకుముడత దీనికీ వస్తుంది. వచ్చిన మొక్కను బతికించే మందు లేదు, పీకేయడమే. చుట్టూ ఖాళీ ప్లాట్లలో పిచ్చిమొక్కలు, తెల్లదోమ విపరీతంగా ఉండి వరుసగా రెండేళ్లు మొక్కలు ముడుచుకుపోయి ఉంటే, వైరస్‌ను తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న ఎఫ్‌1 చెర్రీ పెట్టుకోండి. మిగతావాళ్లు ఏ రకం పెట్టినా నారు దశలో సన్నటి దోమతెర కప్పితే సగం టెన్షన్ తీరుతుంది.

పూసా రూబీ, పీకేఎం‑1 లాంటి రకాలకూ గింజ పట్టుకోవచ్చు, కాకపోతే అవి చిన్న టమాటలు కావు. టైనీ టిమ్ లాంటి మరుగుజ్జు రకాలు కిటికీ దగ్గర కుండీకి సరిపోతాయి, కాపు కొద్దిగానే. నర్సరీలో పేరు చెప్పకుండా అమ్మే నారు గురించి చెప్పడానికేమీ లేదు.

తొందరపడి వానల్లో మాత్రం పోయకండి. 2023 జులై చివర వరంగల్‌ను ముంచెత్తిన వానలకు నా నారంతా మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో పడిపోయింది. ఉత్తర కార్తెలో పోస్తే, బతుకమ్మ పండుగ అటూ ఇటుగా 25–30 రోజుల నారు బకెట్లలోకి మార్చొచ్చు. పక్కనే రెండు బంతి మొక్కలు ఉంచండి, కాయతొలిచే పురుగు ముందు వాటి మీదికి పోతుంది.

ఈసారి నా పది బకెట్లలో ఏడు నాటుకు, రెండు ఎఫ్‌1 చెర్రీకి, అదీ పిల్లల కోసం. మిగిలిన ఒక్కటి యెల్లో పియర్‌కు, జనవరిలో ఆ పసుపు రంగు చూడకుండా ఉండలేను కనుక. ఎర్ర దారం చెట్ల గింజ ఈ ఏడు రెండు చెంచాల దాకా మిగిలింది. వాడకట్టు వాళ్లు చిన్న సీసా తెచ్చుకుంటే పదేసి గింజలు ఇస్తాను. ఏప్రిల్‌లో ఏ మొక్క చివరి దాకా కాసిందో చూసి, దాని గింజ నాలుగు తిరిగి నాకు ఇవ్వండి.