పాత క్యాట్ డిక్కీలో పడేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కారు ఉన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నిన్న సాయంత్రం బండి ట్యూనింగ్‌కు ఇచ్చిన షెడ్డు నుంచి ఇంటికి వచ్చాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది. వాళ్ల పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో బండ్లు ట్యూనింగ్ చేయించేవాళ్లలో చాలామందికి ఎవరో తెలిసిపోతుంది.

నాది ఆర్ఎస్ 230, ఆటోమేటిక్ గేర్లది (డీఎస్‌జీ). స్టేజ్ 1 రీమ్యాప్, అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో ఫైల్ మార్చడం, ముందు ఓనరే చేయించాడు. నేను దాని తర్వాతి మెట్టు, స్టేజ్ 2 చేయిద్దామని డౌన్‌పైప్‌కు, అంటే టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు మార్చడానికి ఇచ్చాను. క్యాట్ అంటే ఆ పైపులో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్. నేను అడిగింది క్యాట్ లేని ఖాళీ పైపు కాదు, 200 సెల్ (చదరపు అంగుళానికి 200 గళ్లు) స్పోర్ట్స్ క్యాట్ ఉన్న పైపు. వాట్సాప్‌లో ఫోటో పెట్టి, రేటు చెప్పి, "ఒరిజినల్ క్యాట్ ప్యాక్ చేసి డిక్కీలో పెట్టిస్తా అన్నా" అని రాసింది కూడా వాళ్లే. ఖాళీ పైపు ధరకూ క్యాట్ ఉన్న పైపు ధరకూ ఎంత తేడా ఉంటుందో చేయించినవాళ్లకు తెలుసు. అదంతా యూపీఐలో కట్టాను. బండి తీసుకునే రోజు "పాతది ప్యాకింగ్‌లో ఉంది, పిల్లాడితో పంపిస్తాం" అన్నారు. పంపలేదు. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి.

ఈలోపు సెల్లార్‌లో బండి స్టార్ట్ చేస్తే కళ్లు మండేవి. పచ్చి పెట్రోల్ వాసన. అమ్మ వెనక సీట్లో కూర్చుంటే తలనొప్పి అనేది. డాష్‌బోర్డు మీద మాత్రం ఒక్క లైటు వెలగలేదు. చెక్ ఇంజిన్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకునే పరిస్థితి. అసలు మోసం అక్కడే ఉంది.

క్యాట్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్, తర్వాత ఇంకొకటి ఉంటాయి. క్యాట్ పనిచేస్తుంటే రెండింటి రీడింగులకూ తేడా ఉంటుంది. పనిచేయకపోతే రెండోది కూడా మొదటిదాన్నే అనుసరిస్తుంది. అప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) క్యాట్ సరిగా పనిచేయడం లేదని పీ0420 కోడ్ వేసి లైటు వెలిగిస్తుంది. స్టేజ్ 2 ఫైల్ రాసేటప్పుడు వీళ్లు ఆ వెనక సెన్సర్ చెకింగ్‌నే ఆపేశారు. అంటే పైపులో ఏమీ లేదన్న సంగతి నాకు చెప్పాల్సిన లైటు నోరు నొక్కేసి మరీ బండి చేతికిచ్చారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బయటపడింది. బీఎస్-4 పెట్రోల్ బండికి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. ఆ అబ్బాయి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, స్క్రీన్ చూసి, గొట్టం తీసి మళ్లీ పెట్టాడు. "సార్, క్యాట్ ఉందా దీనికి?" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా మా పాత మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ర్యాంప్ మీద ఎత్తి, వెనక సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి సన్న కెమెరా దూర్చాడు. ఫోన్ స్క్రీన్ మీద సన్నటి గళ్లు కనిపించాలి. కనిపించింది మెరిసే నున్నటి రేకు, లోపలివైపు వెల్డింగ్ కుట్టు, ఆ చివర వెలుతురు. క్యాట్ ఉన్నట్టు కనిపించడానికి పైపును ఆ చోట ఉబ్బెత్తుగా చేసి, లోపల ఏమీ పెట్టలేదు. అన్న స్పానర్‌తో కొడితే ఖాళీ బిందెలా మోగింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఒరిజినల్ ఎక్కడుంది?" అని అడిగాడు.

నిన్న తమ్ముణ్ని తీసుకుని ఆ షెడ్డుకు వెళ్లాను. అడ్వాన్స్ ఇచ్చిన రోజు గేటు దాకా ఎదురొచ్చినవాడు నిన్న కుర్చీలోంచి లేవలేదు. వీడియో చూపించాను. చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"సౌండ్ వచ్చిందా లేదా? పవర్ వచ్చిందా లేదా? ఇంకేం కావాలె?"

"నేను క్యాట్‌కు డబ్బు కట్టాను."

"పైపు లోపల ఎవడు చూస్తడన్నా?"

నా పాత పార్టు ఇచ్చెయ్యమన్నాను. "స్క్రాప్ వాడు పట్కపోయిండు" అన్నాడు, ఏదో అట్ట డబ్బా పోయినట్టు. ఆ మాట అంటున్నప్పుడే గోడ వారగా గోనె సంచి కనిపించింది. అందులో కోసిన క్యాట్ డబ్బాలు. లోపలి సెరామిక్ దిమ్మలు తీసేసుకుని రేకులు మాత్రం వదిలేశారు. ఒకదాని మీద మార్కర్‌తో రాసిన ఎవరిదో బండి నంబర్ సగం కనిపిస్తోంది. ఆ దిమ్మల్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. రోడియం బంగారం కంటే ఖరీదైన లోహం. క్యాట్‌ను ఎవరూ చెత్తలో పడెయ్యరు, అమ్ముకుంటారు. నా దగ్గర పైపుకు తీసుకున్నారు, నా పార్టును అమ్ముకుని ఇంకోసారి తీసుకున్నారు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తామని తమ్ముడు అన్నాడు. అప్పుడతను నవ్వాడు.

"పోండి. క్యాట్ పీకించుకున్న బండి అని ముందు మీదే సీజ్ చేస్తరు. సెక్షన్ 52 తెల్వదా?"

రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉన్న మాట నిజం. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందీ నిజం. ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇదంతా అతనికి బాగా తెలుసు. పని ఒప్పుకునేటప్పుడు నోరు విప్పి ఒక్క ముక్క చెప్పలేదు. కస్టమర్ తన వస్తువు తనకిమ్మని అడిగినప్పుడు మాత్రం అదే చట్టాన్ని కత్తిలా చూపిస్తున్నాడు. ఓనర్లు భయపడి నోరు మూసుకుంటారన్న ధైర్యం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఆ సంచిలోని డబ్బాల ఓనర్లలో ఎంతమందికి తమ క్యాట్ పోయిందని కూడా తెలుసో!

తెలిసిన అడ్వకేట్‌ను అడిగాను. బండి మార్పు సంగతి వేరు, నమ్మి అప్పగించిన వస్తువును అమ్ముకోవడం వేరు అన్నారు. రెండోది నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందకు వస్తుందట. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. ఫిర్యాదు రాస్తున్నాను. జరిమానా పడితే కడతాను, కానీ వదలను. కొత్త ఒరిజినల్ క్యాట్ ఆర్డర్ పెట్టాను. రేటు లక్షల్లో ఉంది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అది వచ్చేదాకా బండి బయటికి తీయను. ఆ పొగ మా అమ్మ పీల్చింది, సెల్లార్‌లో స్కూల్ వ్యాన్ కోసం నిలబడే పిల్లలు పీల్చారు.

ఇప్పుడు చేయించుకోబోయేవాళ్లకు: పైపు బిగించక ముందే చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపల చూడండి. విప్పిన పార్టు మీద నంబర్ ఫోటో తీసుకోండి, అది మీ డిక్కీలోకి వచ్చాకే బాకీ తీర్చండి. ఫైల్‌లో వెనక సెన్సర్ ఆపుతున్నారా అని వాట్సాప్‌లో రాసి అడగండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు లైటు లేదని సంతోషించకుండా ర్యాంప్ మీద కెమెరా పెట్టించి చూడండి.

ఇదే షెడ్డులో చేయించినవాళ్లు ఈ వారంలోనే వెనక సెన్సర్ విప్పించి చూసుకోండి. మీదీ ఖాళీగా ఉంటే చాట్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్‌లు డిలీట్ చేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. ఫిర్యాదు కలిసి వేద్దాం.